పూర్తి మత్తా, వెన్నుకు మత్తా? సంతకానికి ముందే అడగండి

ఆపరేషన్ చేయాలని డాక్టర్ చెప్పగానే ఇంట్లో రెండు భయాలు మొదలవుతాయి. ఒకటి ఖర్చు, రెండోది మత్తు. ఖర్చు గురించి సర్జన్‌ను, బిల్లింగ్ కౌంటర్‌ను, బీమా ఏజెంటును, తెలిసినవాళ్లందరినీ అడుగుతాం. మత్తు గురించి మాత్రం ఎవరినీ అడగం. ‘నాన్నకు ఈ వయసులో మత్తు పడుతుందా? ఇస్తే మళ్లీ లేస్తాడా?’ అని వంటింట్లో గుసగుసలాడుకుంటాం. ఆపరేషన్ రోజు పొద్దున నర్సు కాగితం తెచ్చి వేలు చూపించిన చోట సంతకం పెడతాం. ఆ కాగితంలో ఏ మత్తు ఇస్తారో రాసి ఉంటుంది. చదివేవాళ్లు ఎందరు?

అడగకుండా దాచుకున్న ఈ భయం ఊరికే పోదు. జహీరాబాద్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఇలాంటి పెద్దాయన ఒకరు కనిపిస్తారు. అరవై దాటిన వయసు, నలభై ఏళ్ల బీడీ అలవాటు, మెట్లెక్కితే ఆయాసం. గజ్జల్లో హెర్నియా వచ్చి ఐదారేళ్లయి ఉంటుంది. పడుకుంటే లోపలికి పోతుంది, చెరకు మోపు ఎత్తితే బయటికొస్తుంది. ‘ఆయాసం ఉన్న మనిషి, మత్తు తట్టుకోలేడు’ అని ఎవరో అంటే, బెల్టు కట్టుకుని కాలం గడిపేస్తుంటాడు. ఒక రాత్రి ఆ హెర్నియాలో పేగు ఇరుక్కుంటుంది. వాంతులు, కడుపు ఉబ్బరం. అప్పుడు అంబులెన్స్ 65వ నంబరు జాతీయ రహదారి మీద సంగారెడ్డి దాటి, పటాన్‌చెరు ట్రాఫిక్ దాటి హైదరాబాద్ చేరాలి. సుమారు వంద కిలోమీటర్లు. ఏ పూర్తి మత్తుకు భయపడి ఆపరేషన్ వాయిదా వేశారో, అదే పూర్తి మత్తు ఇప్పుడు తప్పనిసరి అవుతుంది. పైగా ఒంట్లో నీళ్లు లేని స్థితిలో, కడుపు నిండా ద్రవం ఉన్న స్థితిలో ఇవ్వాల్సి వస్తుంది. ముందే తీరిగ్గా చేయించుకుని ఉంటే ఆయనకు పూర్తి మత్తు అవసరమే లేకపోయేదేమో. ఆ మాట ఆయనకు చెప్పినవాళ్లు లేరు. ఆయన ఇంటివాళ్లు అడగలేదు.

ఈ వారం మా మాట ఇదే. పొట్ట కింది భాగంలో చేసే చాలా ఆపరేషన్లకు మనిషిని పూర్తిగా నిద్రపుచ్చకుండా, కావలసిన భాగానికే మత్తు ఇచ్చే మార్గం ఉంది. అది మీ ఇంటి మనిషికి సరిపోతుందా లేదా అన్నది తేల్చాల్సింది మత్తు డాక్టరే. కానీ ప్రశ్న వేయాల్సింది మీరు.

నిజానికి ఈ పద్ధతి మీ ఇంటికి కొత్తేమీ కాదు. మీ కోడలికో, కూతురికో, చెల్లెలికో ‘పెద్దాపరేషన్’ అయ్యే ఉంటుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అన్ని కోతలు అవసరమా అన్నది వేరే సంగతి, దాని గురించి ఇదే పేజీలో ఎన్నోసార్లు రాశాం, ఇంకా రాస్తాం. ఇక్కడ చెప్పదలచింది వేరు. ఆ సిజేరియన్లలో అత్యధికం నడుములో సూదితో మత్తు ఇచ్చి చేసినవే. పొట్ట గోడ కోసి, గర్భసంచి తెరిచి, బిడ్డను తీసి, మళ్లీ పొరలు పొరలుగా కుట్లు వేస్తారు. తల్లి ఇదంతా జరుగుతుంటే మెలకువగా ఉండి బిడ్డ ఏడుపు వింటుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లయితే దశాబ్దాలుగా ఎక్కువ శాతం బొడ్డు దగ్గర లోకల్ మత్తుతో, కాస్త నిద్రమందుతో జరిగిపోతున్నాయి.

గుంటూరులో 2017లో ఒక నర్సుకు ‘బాహుబలి’ చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారని, 2022లో గాంధీ ఆసుపత్రిలో ఒక పెద్దావిడకు చిరంజీవి ‘అడవిదొంగ’ చూపిస్తూ చేశారని పత్రికల్లో చదివి ఆశ్చర్యపోయాం. మెలకువగా ఉంచి పొట్ట కోయడం మన ఊరి ఆసుపత్రిలో రోజూ జరుగుతోంది. రోజూ జరిగేది వార్త కాదు కాబట్టి అది మన తలకెక్కలేదు. అందుకే కోడలికి నడుములో సూది అంటే మారు మాట్లాడకుండా ఒప్పుకున్న కుటుంబమే, మామగారి హెర్నియాకు అదే సూది అంటే ‘అదేంటి, పూర్తిగా మత్తు ఇవ్వరా?’ అని కంగారు పడుతుంది. 

ఇంతకీ ఆ సూదితో ఏం చేస్తారు? మన వెన్నెముక లోపల వెన్నుపాము ఉంటుంది. అది నడుము చివరిదాకా రాదు. పెద్దవాళ్లలో నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. దాని కింద ద్రవంతో నిండిన సంచి ఉంటుంది, అందులో నరాలు దారాల్లా తేలుతుంటాయి. మత్తు డాక్టర్ వెన్నుపాము ముగిసిన చోటికి ఇంకా కిందుగా, వెంట్రుకకు కాస్త లావుగా ఉండే సూదితో ఆ సంచిలోకి వెళ్లి, బుపివకెయిన్ అనే మందు రెండు మూడు మిల్లీలీటర్లు వేస్తారు. అంటే సగం చెంచా మందు. ఐదు నిమిషాల్లో కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, కదలకుండా పోతాయి. మందులో గ్లూకోజు కలిపి ఉంటుంది కాబట్టి అది వెన్నుద్రవం కన్నా బరువు. నీటిలో తేనె దిగినట్టు కిందికి దిగుతుంది. అందుకే సూది వేయగానే డాక్టర్ టేబుల్‌ను అటూ ఇటూ వంచుతుంటారు, మత్తు ఎక్కడిదాకా ఎక్కాలో అలా అదుపు చేస్తారు. తర్వాత స్పిరిట్ దూదితోనో సూది మొనతోనో పొట్ట మీద తాకుతూ ‘చల్లగా ఉందా? గుచ్చుకుంటోందా?’ అని అడుగుతారు. మీ జవాబు వచ్చాకే సర్జన్ కత్తి పడతారు. మత్తు రెండు, మూడు గంటలు ఉంటుంది.

ఇది స్పైనల్. దీని చుట్టమే ఎపిడ్యూరల్. ద్రవం సంచి దాకా వెళ్లకుండా, దాని బయటే సన్నని గొట్టం పెట్టి, కావలసినప్పుడల్లా మందు పంపుతారు. ఆపరేషన్ ఎంతసేపు సాగినా ఇబ్బంది ఉండదు, తర్వాత రెండు మూడు రోజులు నొప్పి లేకుండానూ చూడవచ్చు. మూడోది ఈ పాతికేళ్లలో వచ్చిన మార్పు. అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ పొట్ట గోడ కండరాల పొరల మధ్య మందు వేసి, ఆ గోడకు వెళ్లే నరాలను మొద్దుబార్చడం. దీన్ని ట్యాప్ బ్లాక్ అంటారు. ఒక్క దీనితోనే పొట్ట తెరవడం సాధారణంగా కుదరదు, ఎందుకంటే ఇది గోడకే పనిచేస్తుంది, లోపలి అవయవాలకు కాదు. కానీ ఆపరేషన్ తర్వాతి నొప్పిని బాగా తగ్గిస్తుంది.

వెన్నుకు మత్తు ఆలోచన కూడా ఇవాళ్టిది కాదు. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ కొకైన్‌తో దీన్ని మొదలుపెట్టాడు. ఎలా ఉంటుందో తెలుసుకోవాలని తన మీదా, తన సహాయకుడి మీదా ప్రయోగించి చూసుకున్నాడు. ఇద్దరికీ తర్వాత విపరీతమైన తలనొప్పి వచ్చింది. ఆ తలనొప్పి సంగతి చివర్లో చూద్దాం.

అంతకు పదేళ్ల ముందే మత్తు గురించి ప్రపంచమంతా చెవులు రిక్కించి విన్న వాదన మన హైదరాబాద్‌లో జరిగింది. క్లోరోఫామ్ సురక్షితమా కాదా అని తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుబడితే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇచ్చి 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి కమిషన్లు నడిపించారు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రముఖ వైద్యుడు వచ్చాడు. ఊపిరిని జాగ్రత్తగా గమనిస్తూ ఇస్తే క్లోరోఫామ్‌తో గుండెకు ప్రమాదం లేదని వాళ్లు తేల్చారు. అది నేరుగా గుండెనూ ఆపగలదని 1911లో వేరే పరిశోధన బయటపెట్టింది. కమిషన్ తీర్పులో సగం తప్పయినా, మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద ఒకరి కన్ను ఎప్పుడూ ఉండాలన్న మాట మాత్రం నిలిచింది. ఆ రోజుల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. అలాంటి గడ్డ మీద ఉండి, ఇవాళ మనకు మత్తు డాక్టర్ పేరు కూడా తెలియకుండానే ఆపరేషన్ అయిపోతోంది.

అసలు విషయానికి వద్దాం. ఏ ఆపరేషన్లకు వెన్నుకు మత్తు సరిపోతుంది? బొడ్డు కింద చేసేవాటికి చాలావరకు. గజ్జల హెర్నియా, వరిబీజం, కోత పెట్టి చేసే అపెండిక్స్, గర్భసంచి తొలగింపు, అండాశయంలో తిత్తులు, ప్రోస్టేట్, మొలలు. బొడ్డు దాటి పైకి వెళ్లేకొద్దీ మత్తు ఛాతీ మధ్యదాకా ఎక్కాలి. అలా ఎక్కినకొద్దీ బీపీ ఎక్కువ పడిపోతుంది, దగ్గే శక్తి తగ్గుతుంది. అందుకే కాలేయం, జీర్ణాశయం, క్లోమం వంటి పెద్ద ఆపరేషన్లకు పూర్తి మత్తే ఇస్తారు. 

మధ్యలో ఉన్నది పిత్తాశయం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఇప్పుడు ఇంటింటి సమస్య, ల్యాప్రోస్కోపీతో తీయించుకోవడమూ అంతే మామూలు. దీనికి దేశమంతా పూర్తి మత్తే ఆనవాయితీ. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి ఉబ్బిస్తారు కాబట్టి, శ్వాస యంత్రం చేతిలో ఉండటం తేలిక. అయినా స్పైనల్‌తో చేసి చూపించినవాళ్లున్నారు. ఝాన్సీలోని మహారాణి లక్ష్మీబాయి వైద్య కళాశాల సర్జన్లు ఇలా 3,492 మందికి చేసిన అనుభవాన్ని 2009లో ప్రచురించారు. వారిలో పూర్తి మత్తుకు మార్చాల్సి వచ్చింది 18 మందికే. అయితే సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి బీపీ పడిపోయి మందు ఇవ్వాల్సి వచ్చింది. ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి మెడ, భుజం నొప్పి వచ్చింది. పొట్టకు ఆపరేషన్ అయితే భుజం నొప్పేమిటంటారా? లోపల నింపిన గ్యాస్ ఉదర వితానాన్ని, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని, రెచ్చగొడుతుంది. ఆ కండరం నరం మెడ నుంచి వస్తుంది. అక్కడిదాకా నడుము మత్తు చేరదు. 

ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారికి వీపు మధ్యలో కొద్ది మోతాదు స్పైనల్ ఇచ్చి పిత్తాశయం తీసిన ఉదాహరణ 2006లో ఐరోపా వైద్యులు ప్రచురించారు. ఆ తర్వాత మన దేశంలోనూ కొందరు నిపుణులు ఆ దారి పట్టారు. మాకు తోచేది ఇది. అలవాటున్న చేతుల్లో, ఎంచుకున్న రోగికి అది మంచి మార్గం. వీడియోలో చూసి ‘మాకూ అలాగే చేయండి’ అని మీ ఊరి డాక్టర్‌ను ఒత్తిడి చేయదగిన విషయం మాత్రం కాదు.

ఎవరికి ఇది ఎక్కువ మేలు? మొదట చెప్పుకోవాల్సింది ఊపిరితిత్తుల జబ్బున్నవారి గురించి. బీడీ తాగిన పెద్దాయనే కాదు, ముప్ఫై నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు ఊది ఊది వండిన అవ్వ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆమెకు సీఓపీడీ ఉందని ఎవరూ అనుమానించరు, పొగ తాగలేదు కదా అని. పూర్తి మత్తులో గొంతులో గొట్టం వేసి యంత్రంతో ఊపిరి ఇస్తారు. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులకు అది సమస్య కాదు. అరిగిపోయిన ఊపిరితిత్తుల్లో మాత్రం తర్వాత కఫం చేరి న్యుమోనియా వచ్చే ముప్పు ఉంటుంది. వెన్నుకు మత్తు ఇస్తే ఆ మనిషి తన ఊపిరి తానే తీసుకుంటుంది. మెడ పొట్టిగా, లావుగా ఉండి, గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగేవారికి కూడా గొట్టం వేయాల్సిన బాధ తప్పుతుంది. వాంతులు తక్కువ. మెలకువ వచ్చేసరికి నొప్పితో మూలగడం ఉండదు, మొదటి కొన్ని గంటలు మత్తు ప్రభావం ఉంటుంది కాబట్టి. 

అలాగని పూర్తి మత్తును భూతంలా చూపించడం మా ఉద్దేశం కాదు. ప్రపంచవ్యాప్తంగా కోట్ల ఆపరేషన్లను కలిపి చూసిన ఒక సమీక్షను లాన్సెట్ 2012లో ప్రచురించింది. కేవలం మత్తు కారణంగా సంభవించే మరణాలు 1970కి ముందు పది లక్షల మందికి 357 ఉంటే, 1990ల తర్వాత 34కి తగ్గాయని అది తేల్చింది. ఇంత తగ్గడానికి కొత్త మందులతో పాటు, వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం, శిక్షణ పొందిన డాక్టర్లు కారణం. ‘మధ్యలో మెలకువ వస్తే?’ అన్నది మరో భయం. బ్రిటన్‌లో 2014లో వచ్చిన జాతీయ పరిశీలనలో అలా మెలకువ వచ్చినట్టు చెప్పినవారు సుమారు 19,000 పూర్తి మత్తుల్లో ఒకరు.

పెద్దవాళ్లకు వెన్నుకు మత్తు ఇస్తే మతి తప్పడం ఉండదని, తొందరగా కోలుకుంటారని గట్టిగా చెప్పేవాళ్లున్నారు. తుంటి ఎముక విరిగిన 1,600 మంది మీద అమెరికా, కెనడాల్లో జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. రెండు నెలల తర్వాత చూస్తే ప్రాణాలు నిలవడంలో గానీ, నడవగలగడంలో గానీ, ఆసుపత్రిలో మతి తప్పడంలో గానీ రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అది ఎముక ఆపరేషన్ అయినా, పొట్ట ఆపరేషన్‌కు వెళ్లే పెద్దాయన కొడుకు గుర్తుంచుకోదగ్గ సంగతే. హెర్నియా విషయంలో ఇంకో చిత్రం ఉంది. కోత పెట్టి చేసే గజ్జల హెర్నియాకు, సర్జన్‌కు అలవాటుంటే, కేవలం ఆ చోటికే ఇచ్చే లోకల్ మత్తు మేలని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 65 దాటినవారికి స్పైనల్ కన్నా లోకల్ గానీ పూర్తి మత్తు గానీ పరిశీలించమంటున్నాయి. కాబట్టి మన బీడీ పెద్దాయన హెర్నియాకు మొదటి ప్రశ్న ‘లోకల్‌తో అవుతుందా?’ అన్నదే కావాలి. మన దగ్గర స్పైనల్ ఇవ్వడమే ఎక్కువ అలవాటు. అలవాటు వేరు, అవసరం వేరు.

పెద్ద పొట్ట ఆపరేషన్లలో ఈ రెండూ పోటీదార్లు కావు, జోడు. పేగు క్యాన్సర్‌కు పూర్తి మత్తు ఇస్తూనే ఎపిడ్యూరల్ గొట్టం కూడా పెడతారు. ఆస్ట్రేలియా వైద్యుల నేతృత్వంలో ముప్పు ఎక్కువున్న 915 మందిపై జరిగిన అధ్యయనం 2002లో వచ్చింది. ఎపిడ్యూరల్ తోడైతే నొప్పి తగ్గింది, శ్వాస దెబ్బతినడం తగ్గింది. మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. నొప్పి లేకపోతే గట్టిగా దగ్గగలరు, దగ్గగలిగితే కఫం బయటికొస్తుంది. పెద్దవాళ్ల విషయంలో ఇది చిన్న లాభం కాదు.

వెన్నుకు మత్తు ఎవరికి పనికిరాదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి ఆ మందు పేరు, ఆఖరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారో తెలియకుండా సూది వేయకూడదు. వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కితే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. స్టెంటు వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారు సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి. అదీ గుండె డాక్టర్ ఒప్పుకుంటేనే. సొంతంగా ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. ‘రోజూ ఒక చిన్న గోళీ వేసుకుంటాడు’ అంటే చాలదు, మందుల చీటీ, ఖాళీ అట్టలు వెంట తీసుకెళ్లండి. డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి, నడుము దగ్గర చర్మం మీద చీము ఉన్నవారికి, గుండె కవాటం బాగా సన్నబడినవారికి, రక్తస్రావంతో బీపీ పడిపోయినవారికి ఇది తగదు. పేగు అడ్డుపడి వాంతులవుతున్నవారికి పూర్తి మత్తే క్షేమం, ఎందుకంటే గొంతులో గొట్టం ఉంటే కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోదు. మొదట చెప్పిన పెద్దాయన రాత్రికి రాత్రి చేరుకున్నది సరిగ్గా ఈ స్థితికే.

ఇక ‘నడుములో సూది వేయించుకుంటే జీవితాంతం నడుంనొప్పి’ అన్న మాట. ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది ఆడవాళ్లు గర్భసంచి ఆపరేషన్‌కు పూర్తి మత్తే కావాలని పట్టుబడతారో. సూది పడిన చోట రెండు మూడు రోజులు నొప్పిగా ఉండటం నిజం. ఏళ్ల తరబడి ఉండే నడుంనొప్పికి ఆ సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. కాన్పు తర్వాత బిడ్డను వంగి ఎత్తుకోవడం, పొట్ట కండరాలు వదులవడం, నెలల తరబడి సరైన నిద్ర లేకపోవడం, వంగి ఇల్లు ఊడవడం, ఇన్ని కారణాలుండగా నింద సూది మీద పడింది. శాశ్వతంగా నరాలు దెబ్బతినడం అనేది ఉంది, కానీ అరుదు. బ్రిటన్‌లో ఏడు లక్షలకు పైగా వెన్ను, ఎపిడ్యూరల్ మత్తులను పరిశీలించి 2009లో ప్రచురించిన నివేదిక ప్రకారం లక్షకు సుమారు ఇద్దరి నుంచి నలుగురికి. (గర్భసంచి మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. నలభై ఏళ్లైనా దాటకుండా గర్భసంచి తీయించుకునేవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఎక్కువ. మత్తు తేలికైందని ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. అవసరమా అన్న ప్రశ్న మత్తు ప్రశ్న కన్నా ముందుది.)

ఇప్పుడు జహీరాబాద్ సంగతి. ఇక్కడ ఏరియా ఆసుపత్రి ఉంది, ప్రైవేటు నర్సింగ్ హోములున్నాయి. కాస్త పెద్ద ఆపరేషన్ అనగానే జనం కొందరు బీదర్ వైపు, కొందరు సంగారెడ్డి, హైదరాబాద్ వైపు బయల్దేరతారు. వెళ్లాల్సినవాళ్లు వెళ్లాల్సిందే. కానీ సిజేరియన్ చేయగల ఆసుపత్రి అంటే, నడుముకు మత్తు ఇచ్చే మనిషి, ఆ మందు, ఆ సూది ఉన్న ఆసుపత్రి అని అర్థం. హెర్నియా, వరిబీజం వంటివాటికి అదే మనిషి, అదే సూది చాలు. ప్రభుత్వం ఏరియా ఆసుపత్రుల్లో మత్తు డాక్టర్ పోస్టును కాన్పుల లెక్కకే కట్టేయకుండా, వారంలో కొన్ని రోజులు ఈ ముందస్తు ఆపరేషన్లకూ కేటాయిస్తే, రాత్రిపూట వంద కిలోమీటర్ల అంబులెన్స్ ప్రయాణాలు కొన్నైనా తప్పుతాయి. 

ఒక షరతు ఉంది, దీనిలో రాజీ లేదు. వెన్నుకు మత్తు ఇచ్చే చోట పూర్తి మత్తుకు కావలసినవన్నీ సిద్ధంగా ఉండాలి. ఆక్సిజన్, గొట్టాలు, శ్వాస యంత్రం, బీపీ పెంచే మందులు, అన్నిటికీ మించి ఆపరేషన్ అయ్యేదాకా రోగి తల దగ్గర నుంచి కదలని మత్తు డాక్టర్. కొన్నిసార్లు స్పైనల్ సరిగ్గా పట్టదు. కొన్నిసార్లు అనుకున్నదానికన్నా పైకి ఎక్కి ఊపిరి ఇబ్బంది అవుతుంది. సర్జనే సూది వేసి, సర్జనే కోసి, మత్తు చూడటానికి ఎవరూ లేని చోట అయితే, ఎంత చిన్న ఆపరేషన్ అయినా అక్కడ చేయించవద్దు.

మీరు చేయగలిగిందీ ఉంది. ఆపరేషన్‌కు కనీసం ఒకరోజు ముందు మత్తు డాక్టర్‌తో పది నిమిషాలు మాట్లాడాలని అడగండి. అది మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు. దీన్ని ఆసుపత్రి భాషలో ‘పీఏసీ’ అంటారు. రక్తపరీక్షల కాగితాల మీద ముద్ర వేసి పంపేస్తే అది పీఏసీ కాదు. నోరు తెరిపించి చూడాలి, ఊపిరి వినాలి, వీపు చూడాలి, పాత ఆపరేషన్ల గురించి అడగాలి. అప్పుడు మీరు మూడు మాటలు అడగండి. ‘ఈ ఆపరేషన్ పూర్తి మత్తు లేకుండా అవుతుందా? మా నాన్నకు ఏది మంచిది, ఎందుకు? మధ్యలో మార్చాల్సి వస్తే ఏం చేస్తారు?’ జవాబు ‘పూర్తి మత్తే మేలు’ అని వస్తే, కారణం చెప్పించుకుని నిశ్చింతగా ఒప్పుకోండి. సంతకం పెట్టే కాగితం అర్థమయ్యే భాషలో లేకపోతే చదివి చెప్పమనండి. మన జహీరాబాద్‌లో ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, కన్నడ వినిపిస్తాయి. బీదర్ ఆసుపత్రిలో కన్నడ కాగితం, హైదరాబాద్‌లో ఇంగ్లిష్ కాగితం చేతికిస్తే తెలుగువాడైనా, ఉర్దూ మాట్లాడే తల్లైనా ఏం చదువుతారు?

మెలకువగా ఉండాలంటే భయమైతే ఆ మాటా చెప్పండి. లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలియకూడదు. నొప్పి తెలిస్తే ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి. అవసరమైతే కునుకు పట్టేలా కాస్త మందు ఇస్తారు. సూది వేసేటప్పుడు దిండును కౌగిలించుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి కదలకుండా కూర్చుంటే సగం పని మీరే చేసినట్టు. పరగడుపు నియమం మాత్రం రెంటికీ ఒకటే. భోజనం, పాలు, పాలు పోసిన టీ ఆరు గంటల ముందే ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు. నూనె, మాంసం ఉన్న భోజనమైతే ఎనిమిది గంటలు. ‘నడుముకే కదా మత్తు, కాస్త చాయ్ తాగితే ఏమవుతుంది’ అని పొద్దున్నే ఫ్లాస్కుతో వచ్చే బంధువును గది బయటే ఆపండి. మధ్యలో పూర్తి మత్తుకు మారాల్సి వస్తే ఆ చాయే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆపరేషన్ తర్వాత కాళ్లలోకి కదలిక నాలుగైదు గంటల్లో మెల్లగా వస్తుంది. వణుకు రావచ్చు, దుప్పటి కప్పండి. మూత్రం రావడం ఆలస్యం కావచ్చు, పొట్ట బిగిస్తే నర్సుకు చెప్పండి. కాళ్లలో బలం వచ్చిందనిపించినా మొదటిసారి మనిషి సాయం లేకుండా మంచం దిగనివ్వవద్దు. వచ్చిన కదలిక మళ్లీ తగ్గుతున్నా, గంటలు గడిచినా కాళ్లు కదలకపోయినా, నడుములో విపరీతమైన నొప్పి మొదలైనా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌ను పిలిపించండి. 

ఇక బియర్‌నూ ఆయన సహాయకుడినీ బాధించిన తలనొప్పి. సూది చేసిన రంధ్రం నుంచి వెన్నుద్రవం కారడం వల్ల అది వస్తుంది. ఇప్పటి సన్నని సూదులతో నూటికి ఒకరికి, అంతకన్నా తక్కువ మందికే వస్తోంది. వయసులో ఉన్న ఆడవాళ్లకు కాస్త ఎక్కువ. గుర్తుపట్టడం తేలిక. లేచి కూర్చుంటే తల పగిలిపోతుంది, పడుకుంటే తగ్గుతుంది. మొదటి మూడు రోజుల్లో మొదలవుతుంది. చాలామందికి నీళ్లు, విశ్రాంతి, నొప్పి మాత్రలతో వారం పది రోజుల్లో పోతుంది. తగ్గకపోతే వాళ్ల రక్తమే కొంచెం తీసి సూది పడిన చోట ఎక్కించి ఆ రంధ్రాన్ని మూసే పద్ధతి ఉంది. ఇంటికి వచ్చాక ఇలాంటి తలనొప్పి వస్తే దిష్టి తీసి ఊరుకోకుండా, ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి ఫోన్ చేసి సర్జన్‌ను కాదు, మత్తు డాక్టర్‌ను అడగండి. ఆ డాక్టర్ పేరు, నంబరు డిశ్చార్జి కాగితం మీద రాయించుకునే ఇంటికి రండి.